ద్రవ స్ఫటికముల చరిత్రము: మసక ద్రవమునుండి మేటి పోగు వఱకు

పదార్థము ఘన, ద్రవ, వాయు రూపములను మూడింట నుండునని ప్రాథమిక పాఠశాలయందే బాలురు నేర్చుకొందురు. ఈ పాఠమునకు నిదర్శనములు ప్రతి యింటను గలవు. పుష్యమాసపు చలికి సీసాలో పేరుకొనిన కొబ్బరినూనె ప్రొద్దెక్కగనే కరగి తేటపడును. నేయియు నట్టిదే. ఉప్పుమడిలో సముద్రజలము ఇంకగా తెల్లని పలుకులు తేలును. చక్కెర పాకము చల్లారి కలకండ యగును. ఆ పలుకులను పరికించినచో నునుపైన ముఖములు, తీర్చిన యంచులు కనబడును. లోపలి అణువులు బారులు దీరి, ఏ యణువు స్థానమున ఆ యణువు నిలిచియుండుటయే యిందులకు కారణము. ఇట్టి క్రమము గల ఘనమునకు స్ఫటికమని పేరు. కరగినప్పుడు ఆ క్రమము చెదరి, అణువులు ఇచ్చవచ్చిన దిక్కునకు తిరుగుచు ఒకదానిపై నొకటి దొర్లుచుండును. అదియే ద్రవము.

ఈ రెండింటికి నడుమ మఱొక స్థితి యుండునా యను ప్రశ్న పంతొమ్మిదవ శతాబ్దపు విద్వాంసులలో పెక్కుమందికి అనావశ్యకముగ తోచెను. హిరణ్యకశిపుని కథ ఇచట జ్ఞప్తికి రాదగినది. పగటను గాని రాత్రి గాని, లోపలను గాని వెలుపలను గాని, మనుష్యునిచే గాని మృగముచే గాని చావు లేకుండ వరము గొన్న ఆ దానవుడు తన లెక్క సంపూర్ణమైనదని నమ్మెను. సంధ్యయనునది యొకటి కలదనియు, గడపయనునది యొకటి కలదనియు అతడు తలపడయ్యెను. శాస్త్ర చరిత్రయందును అట్టి గడప యొకటి కలదు. దానిపై నిలిచిన పదార్థమునకు ద్రవ స్ఫటికమని పేరు. అది కంటికి మసకగా కనబడుటచేత పండితులు దానిని కల్మషమని త్రోసివేయ జూచిరి. 1888లో నొకమారును, 1965లో నొకమారును, ఆ మసకను పాఱబోయక నిలిపి చూచినవారివలననే సత్యము తేలినది. ఆ వృత్తాంతమే ఈ వ్యాసమునకు విషయము.

ప్రేగునుండి వెళ్ళిన యుత్తరము

ఫ్రీడ్రిక్ రైనిట్జర్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఈతడు 1857లో ప్రేగు నగరమున జన్మించి, అచటి జర్మను విశ్వవిద్యాలయమున పనిచేయుచుండెను. కోలెస్టరాల్ అను పదార్థపు స్వరూపమును నిర్ణయింపగోరి, దానినుండి కోలెస్టరిల్ బెంజోయేటు అను తెల్లని స్ఫటికములను సిద్ధపఱచెను. ఒక పదార్థము పరిశుద్ధమైనదో కాదో తెలిసికొనుటకు అది కరగెడు వేడిమిని కొలుచుట రసాయనజ్ఞుల వాడుక. శుద్ధ పదార్థము ఒకే యుష్ణోగ్రతవద్ద కరగవలెను. కాని రైనిట్జర్ చూచినది వింతగా నుండెను. ఆ స్ఫటికములు 145.5 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరగినవి గాని తేటపడలేదు. పాలవలె మసకగా నుండి పాఱుచుండెను. ఇంకను వేడి చేయగా 178.5 డిగ్రీలవద్ద ఆ మసక హఠాత్తుగా విడిపోయి నీటివలె స్వచ్ఛమైన ద్రవమేర్పడెను. చల్లార్చినప్పుడు నీలి, ఊదా వన్నెలు మెఱసి మాయమగుచుండెను. మరల వేడి చేసినను, మరల చల్లార్చినను ఇదే వరుస తప్పలేదు.

ఒకే పదార్థమునకు రెండు ద్రవీభవన స్థానములా? సరకు మలినమైనదేమోయని సరిపెట్టుకొని సీసాను కడిగివేయుట మిక్కిలి సులభమైన పని. రైనిట్జర్ అట్లు చేయలేదు. తన విద్యకు మించిన విషయమిదియని గ్రహించి, 1888 మార్చి 14వ తేదీన ఆటో లేమన్ అను భౌతికశాస్త్రజ్ఞునకు దీర్ఘమైన లేఖ వ్రాసి, దానితోకూడ సరకును పంపెను. తానెఱిగినంత చెప్పి, ఎఱుగనిదానిని ఎఱిగినవానికి అప్పగించుట పాండిత్యమునకు శోభ. ఒక శాస్త్రశాఖ యుత్తరముతో పుట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

లేమన్ 1855లో కాన్‌స్టాంజ్ నగరమున జన్మించినవాడు. పదార్థములను వేడి చేయుచునే ధ్రువిత కాంతిలో పరీక్షించుటకు వీలైన సూక్ష్మదర్శినిని ఈతడు స్వయముగ సమకూర్చుకొనెను. ధ్రువిత కాంతి యనగా ఒకే తలమున కంపించునట్లు వడగట్టిన వెలుగు. అట్టి రెండు వడపోత పలకలను అడ్డముగ నుంచి, నడుమ మామూలు ద్రవమును పెట్టినచో చూచువానికి చీకటియే కనబడును. స్ఫటికమును పెట్టినచో, అణువుల వరుస వెలుగును మలచుటచేత కాంతి దాటివచ్చును. రైనిట్జర్ పంపిన మసక ద్రవము పాఱుచునే వెలుగును దాటనిచ్చెను. పాఱుట ద్రవలక్షణము, వెలుగును మలచుట స్ఫటికలక్షణము. రెండును ఒకేచోట కనబడినవి. 1889లో లేమన్ ఈ సంగతిని ప్రకటించుచు, వీనిని పాఱెడు స్ఫటికములని పేర్కొనెను. ఆ సంవత్సరముననే కార్ల్స్‌రూహె నగరమున హెర్ట్జ్ మహాశయుడు విడిచిన యాచార్యపీఠము ఆయనకు లభించెను.

కల్మషమా, క్రమమా?

ఈ పేరు విన్నంతనే పలువురు నొసలు చిట్లించిరి. స్ఫటికమన్నచో గట్టిది, అది పాఱుటెట్లు? గోటింగెన్ విశ్వవిద్యాలయమున ప్రసిద్ధుడైన గుస్తావ్ టామన్ ఈ భావము నంగీకరింపలేదు. పాలలో వెన్న కణములు తేలుటచేత పాలు తెల్లగా కనబడునట్లు, ఈ ద్రవములయందును వేఱొక పదార్థపు సూక్ష్మబిందువులు తేలుచున్నవనియు, శుద్ధి చేసినచో మసక పోవుననియు ఆయన వాదము. అది తెలివిమాలిన వాదము కాదు. శాస్త్రజ్ఞుడు మొదట అనుమానింపవలసినది మాలిన్యమునే గదా! కావున దానికి సమాధానము మాటలతో గాక కొలతలతో చెప్పవలసి వచ్చెను.

1890లో గాటర్‌మన్ అను రసాయనజ్ఞుడు పారా-అజాక్సీఅనిసోల్ అను పదార్థమును సిద్ధపఱచెను. ఇది సుమారు 118 డిగ్రీలవద్ద కరగి మసకయై, సుమారు 135 డిగ్రీలవద్ద తేటపడును. ఎన్నిమారులు శుద్ధి చేసినను మసక తొలగలేదు. మాలిన్యము చేర్చినచో తేటపడెడు ఉష్ణోగ్రత తగ్గుచుండెను. మసకకు మాలిన్యమే కారణమైనచో శుద్ధిచే అది నశింపవలెను. ఇచట శుద్ధిచే ఇంకను స్థిరపడుచుండెను. 1905లో రుడాల్ఫ్ షెంక్ ఈ పదార్థముల సాంద్రతను, చిక్కదనమును, గుప్తోష్ణమును గూర్చిన కొలతలను గ్రంథరూపమున వెలువరించి టామన్ వాదము నిలువదని చూపెను. తేటపడుటకు కూడ కొంత గుప్తోష్ణము వలయును; కాని అది మిక్కిలి స్వల్పము. పారా-అజాక్సీఅనిసోల్ విషయమున, కరగుటకు వలసిన వేడిమిలో అది నూటికి రెండుపాళ్ళు మాత్రమే. అనగా స్ఫటికము కరగినప్పుడు క్రమములో అధికభాగము పోయినను, ఒక చిన్న యంశము మిగిలియుండెనన్నమాట. ఆ మిగిలిన యంశమే మసకకు కారణము. అది కల్మషము కాదు, క్రమము.

లేమన్ ఆచార్యుని భాగ్యము మాత్రము మిశ్రమమైనది. ఈ మెత్తని స్ఫటికముల కదలికయందు ప్రాణిలక్షణములు చూడనారంభించి, 1906లో వానిని జీవసిద్ధాంతములతో ముడిపెట్టి గ్రంథము వ్రాసెను. అందుచేత కొందఱు తోడి విద్వాంసులు ఆయన సత్యమైన యావిష్కారమును సైతము శంకింపసాగిరి. నోబెల్ బహుమానమునకు పలుమారులు ఆయన పేరు సూచింపబడినను అది లభింపలేదు. 1922లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

వరికట్ట దృష్టాంతము

మసకయందలి క్రమమెట్టిదో తెలిపినవారు ఇరువురు. జర్మనీలోని హాలె నగరమున డానియల్ ఫోర్‌లాండర్ తన శిష్యులతో వందలకొలది పదార్థములను సృష్టించి, ద్రవ స్ఫటికములగునవి పొడవైన, తిన్నని, కఱ్ఱవంటి అణువులు గల పదార్థములేయని తేల్చెను. ఫ్రాన్సు దేశపు ఖనిజశాస్త్రజ్ఞుడు జార్జి ఫ్రీడెల్ 1922లో వీనిని మూడు తరగతులుగ విభజించి నేటికిని నిలిచియున్న పేర్లు పెట్టెను. ద్రవ స్ఫటికమను పేరే ఆయనకు నచ్చలేదు. ఇవి ద్రవములును కావు, స్ఫటికములును కావు, మధ్యరూపములని ఆయన యభిప్రాయము.

ఈ తరగతులు రైతునకు సులభముగ బోధపడును. కోసిన వరిమొక్కలను కళ్ళమున ఇష్టము వచ్చినట్లు వెదజల్లినచో అది మామూలు ద్రవము. వానినే ప్రోగుచేసి ఒక దిక్కునకు త్రిప్పి కట్ట కట్టినచో, కాడలన్నియు ఒకే దిక్కును చూచును గాని మొదళ్ళు హెచ్చుతగ్గులుగ నుండును; లాగినచో ఒక్కొక్కటి జారివచ్చును. ఇది మొదటి తరగతి. గ్రీకు భాషలో దారమునకు గల పేరునుబట్టి దీనిని నెమాటిక్ అందురు. ఆ కట్టను నేలపై తట్టి మొదళ్ళు సమము చేసి, అట్టి కట్టలను వరుసపై వరుసగా పేర్చినచో రెండవ తరగతి. సబ్బును సూచించు గ్రీకు శబ్దమునుబట్టి ఇది స్మెక్టిక్. ఇక కాడలను పలుచని పొరలుగ పఱచుచు, ఒక్కొక్క పొరను క్రింది పొరకంటె రవంత ప్రక్కకు త్రిప్పినచో మెలిమెట్లవలె నగును. ఇది మూడవ తరగతి, కోలెస్టరిక్. రైనిట్జర్ చూచిన పదార్థము ఈ జాతిదే. కట్టలోని ప్రతి కాడకును ఇంత పొడవు, ఇంత యెడమని స్థానము నిర్ణయించి కదలకుండ బిగించినచో అది స్ఫటికము. ఒక స్థితినుండి మఱొక స్థితికి మాఱుటనే శాస్త్రజ్ఞులు ప్రావస్థా పరివర్తనమందురు.

కఱ్ఱవంటి అణువులకే ఈ గుణము పరిమితము కాదని తరువాత భారతదేశముననే తేలినది. 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనాలయమున ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్ళలవంటి అణువులు సైతము కాసుల దొంతులవలె పేరుకొని ద్రవ స్ఫటికములగునని కనుగొనిరి.

పొడవు పెరిగినచో?

కఱ్ఱ ఎంత పొడవైన అంత మేలైనచో, అణువును పొడిగించుచు పోయిన ఏమగునని ఫోర్‌లాండర్ 1923లోనే విచారించెను. పొడవునకు హద్దు కనబడలేదు. కాని మిక్కిలి పొడవైనవి కరగకమునుపే మాడిపోవుచుండెను. వేలకొలది చిన్న యణువులు గొలుసుకట్టుగ కలిసిన మహాణువులకే పాలిమరులని పేరు. పత్తి, పట్టు, నైలాను మున్నగునవి యన్నియు ఈ జాతివే. ఫోర్‌లాండర్ ప్రశ్న పాలిమరుల గడప వఱకు వచ్చి నిలిచినది.

తరువాతి యడుగు ఒక పైరు తెగులువలన పడెను. పొగాకు మొజాయిక్ తెగులు కలిగించు వైరసు కఱ్ఱవంటిది; దాని పొడవు మిల్లీమీటరులో పదిలక్షలవ పాళ్ళు 300, అడ్డుకొలత అట్టివే 18. 1936లో ఇంగ్లండున బాడెన్, పిరీ, బెర్నాల్, ఫాంకుచెన్ అను నలువురు ఈ వైరసును తెగులు సోకిన మొక్కలనుండి వేఱుచేసి నీటిలో నుంచగా, ద్రావణము రెండు పొరలుగ విడిపోయెను. పై పొర పలుచన, క్రింది పొర చిక్కన. క్రింది పొర ధ్రువిత కాంతిలో మెఱసెను. వేడి చేయకయే, కేవలము చిక్కదనముచే ద్రవ స్ఫటికమేర్పడినది. గుంటూరు సీమ రైతునకు నష్టకారణమైన ఆ తెగులే విజ్ఞానమునకు ఇట్టి యుపకారము చేసినది.

కఱ్ఱలు తమంతట తాము ఏల వరుసకట్టును? 1949లో లార్స్ ఆన్‌సాగర్ దీనికి సమాధానము చెప్పెను. తిరునాళ్ళ సందడిలో వెదురుబొంగులు భుజములపై మోయువారిని ఊహింపవలెను. మనుష్యులు పలుచగ నున్నంతవఱకు ఎవరి బొంగు ఏ దిక్కున నున్నను బాధ లేదు. క్రిక్కిఱిసినపుడు బొంగులు ఒకదానికొకటి తగిలి ఎవరును కదలలేరు. అందఱును బొంగులను ఒకే దిక్కునకు త్రిప్పుకొన్నచో మరల నడచుటకు చోటు దొరకును. అణువులును అట్లే తిరిగెడు స్వేచ్ఛను కొంత వదలుకొని కదలెడు స్వేచ్ఛను పొందును. 1956లో పాల్ ఫ్లోరీ ఈ న్యాయమును బిఱుసైన పాలిమరులకు అన్వయించి, వాని ద్రావణము తగినంత చిక్కనైనపుడు ద్రవ స్ఫటికము కాక తప్పదని గణితముచే చూపెను. గణితము సిద్ధమైనది, దానికి తగిన పాలిమరు చేతికి రావలసియుండెను.

స్టెఫనీ క్వోలెక్

1923లో, అనగా ఫోర్‌లాండర్ పై ప్రశ్న వేసిన సంవత్సరముననే, అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమునందు స్టెఫనీ క్వోలెక్ జన్మించెను. తండ్రి ఆమెను పొలములవెంట త్రిప్పుచు ఆకులను, విత్తులను సేకరింపజేసెడివాడు. ఆమె పదియేండ్ల ప్రాయమున ఆయన గతించెను. తల్లివలన కుట్టుపనియందును, వస్త్రములయందును అభిరుచి కలిగినది. వైద్యవిద్య చదువవలెనని ఆమె కోరిక; అందులకు ధనము కూడబెట్టుకొనుటకై 1946లో డ్యూపాంట్ సంస్థయందు రసాయనజ్ఞురాలిగ చేరెను. తాత్కాలికమనుకొన్న ఆ యుద్యోగము నలువది సంవత్సరములు సాగినది.

1964 ప్రాంతమున ఆ సంస్థ మోటారు చక్రములకు తేలికయు, గట్టియు నైన నూతన తంతువును అన్వేషించుచుండెను. క్వోలెక్ బిఱుసైన గొలుసులు గల పాలిమరులను తయారుచేయుచు వానిని కరగించు ద్రావకములను వెదకుచుండెను. 1965లో ఒక ద్రావణము విచిత్రముగ నేర్పడినది. మామూలు పాలిమరు ద్రావణము తేనెవలె చిక్కగను, తేటగను ఉండును. ఇది నీటివలె పలుచగను, మజ్జిగవలె మసకగను ఉండెను, కలిపినచో తళతళలాడెను. కరగని పలుకులవలన మసక కలిగినదేమోయని ఆమె వడగట్టి చూచెను. మసక పోలేదు.

ఇట్టి ద్రావణమును పాఱబోయుట అప్పటి వాడుక. ద్రావణమును సన్నని రంధ్రములగుండ నొత్తి పోగు తీయు యంత్రమును చార్లెస్ స్మలెన్ అను నాతడు చూచుచుండెను. మసకలోని పలుకులు రంధ్రములను పూడ్చివేయునని అతడు మొదట నిరాకరించెను. అతని మాటయును టామన్ మాటవంటిదే. మసక యన్నచో మాలిన్యమని. క్వోలెక్ పట్టువిడువక అడుగగా తుద కంగీకరించెను. పోగు తెగకుండ వచ్చినది. దాని బిఱుసుదనపు కొలతలు చూచి ఆమెయే నమ్మలేక, ఎవరికిని చెప్పకమునుపు పలుమారులు మరల పరీక్ష చేయించెను. కొలతలు మాఱలేదు. ఆ పరిశోధనల ఫలముగ కెవ్లార్ అను తంతువు 1971లో విపణిలోనికి వచ్చినది. బరువునకు బరువు తూచినచో అది ఉక్కుకంటె ఐదురెట్లు గట్టిది. తుపాకి గుండ్లను అడ్డు కవచములు, పెద్ద త్రాళ్ళు, చక్రములు, విమానపు భాగములు దానితో చేయుదురు.

పేటెంటు హక్కును ఆమె సంస్థకు వ్రాసియిచ్చినందున అమ్మకములపై ఆమెకు రాబడి లేదు. 1996లో అమెరికా ప్రభుత్వము జాతీయ సాంకేతిక పతకముతో ఆమెను గౌరవించెను. 2014లో, తొంబదియేండ్ల ప్రాయమున ఆమె పరమపదించెను. ఆమె కనుగొన్నదానివలన ప్రాణములు దక్కినవారు లోకమున పెక్కుమంది కలరు.

గట్టిదనపు రహస్యము

ఈ బలమెచటినుండి వచ్చినది? ఇది స్ఫటికీకరణపు కథ. నైలాను, పాలిథీన్ వంటి పాలిమరుల గొలుసులు మెత్తనివి. కరగినపుడు పిల్లి చెఱచిన నూలుండవలె చిక్కుపడియుండును. చల్లార్చినపుడు స్ఫటికము కావలెనన్నచో ఆ చిక్కులోనుండి దారమును లాగి, ముందునకు వెనుకకు మడచి పేర్చవలెను. 1957లో ఆండ్రూ కెల్లర్ అను విద్వాంసుడు పాలిథీన్ స్ఫటికములలో గొలుసులు ఇట్లు మడతలు పడియుండునని చూపెను. చిక్కు పూర్తిగ విడువదు గనుక కొంత స్ఫటికమును, కొంత కలగాపులగమును ఏర్పడును. లాగినపుడు బరువు మడతలపై పడి పోగు సాగును.

కెవ్లార్ గొలుసు మడవదగినది కాదు, కఱ్ఱవంటిది. అది ద్రావణముననే నెమాటిక్ వరుసలో నున్నది. నేతగాడు మగ్గమెక్కింపకమునుపే పడుగును దువ్వి పోగులన్నిటిని సమము చేయునట్లు, ప్రకృతి ఇచట పడుగును ముందే సిద్ధపఱచినది. చిక్కదనమును గూర్చిన వింతయు నిందే కలదు. పాలిమరు పాలు పెంచుకొలది ద్రావణము చిక్కబడుచు పోయి, ఒక హద్దు దాటగనే పలుచబడును. వరుస తీరిన కఱ్ఱలు ఒకదాని ప్రక్క నొకటి సులువుగ జారుటయే కారణము. కెవ్లార్ వేడికి కరగకయే చెడిపోవును గనుక దానిని గాఢ గంధకికామ్లములో నూటికి ఇరువదిపాళ్ళ చొప్పున కలిపి, సుమారు 80 డిగ్రీల వేడిమిలో రంధ్రములగుండ నొత్తి, కొంత గాలిలోనుండి చల్లని నీటిలోనికి లాగుదురు. నీరు ఆమ్లమును కడిగివేయును. ఉన్న వరుస యున్నట్లుగనే స్ఫటికమై బిగియును. బరువు మడతలపై గాక గొలుసు నిడివి యంతటను పడును.

వేడికి కరగెడు ద్రవ స్ఫటిక పాలిమరులు దీని తరువాత వచ్చినవి. 1976లో జాక్సన్, కుఫస్ అను నిద్దఱు ఇట్టివానిని వర్ణించిరి. 1985 నాటికి వెక్‌ట్రా యనునది విపణిలో దొరకుచుండెను. ఇచటి యుపాయము ఛందస్సు తెలిసినవారికి సులభగ్రాహ్యము. ఒకే విధమైన పూస గల గొలుసు సర్వగురువుల పాదమువంటిది. ప్రక్కదానితో సంపూర్ణముగ సరిపడి మిక్కిలి గట్టి స్ఫటికమగును గాని కరగకయే మాడును. అందుచేత గురులఘువులవంటి రెండు విధముల పూసలను ఏ నియమమును లేక కలిపి గొలుసు కూర్చిరి. వరుసలు సరిపడక స్ఫటికము బలహీనపడి, సుమారు 280 డిగ్రీలవద్దనే కరగి నెమాటిక్ ద్రవమయ్యెను.

కాని చల్లార్చినపుడు ఇంతటి క్రమరహితమైన గొలుసులును కొంత స్ఫటికమగుట వింత గొల్పెను. నియమము లేనిచోట స్ఫటికమెట్లు? 1985లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు విండిల్, ఆయన సహచరులు దీనికి సమాధానమిచ్చిరి. గురులఘువులను యదృచ్ఛగ వ్రాసిన పాదములను ప్రక్క ప్రక్కన పెట్టి అటునిటు జరిపినచో, ఎచటనో యొకచోట కొన్ని గణములు ఎదురెదురుగ సరిపడును. నెమాటిక్ ద్రవమున గొలుసులు ముందే ఒకే దిక్కున నుండి నిడివివెంట జారగలవు గనుక అట్టి చోటులను వెదకుకొని అచట అతుకుకొనును. ఆ చిన్న చిన్న యతుకులే స్ఫటికములు. కరగెడు వేడిమికి రవంత తక్కువలో గంటలకొలది కాచినచో అతుకులు మెఱుగుపడి పోగు మఱింత గట్టిపడును. ద్రవమునకును ఘనమునకును పొందికలో భేదము స్వల్పమగుటచేత అచ్చుపోసినపుడు వస్తువు ముడుచుకొనదు; కావున సూక్ష్మమైన విద్యుత్ పరికరముల భాగములకు దీనిని వాడుదురు. 1997 జూలై 4వ తేదీన అంగారక గ్రహముపై దిగిన పాత్‌ఫైండర్ నౌకను దెబ్బతగులకుండ కాచిన గాలిసంచులు ఈ జాతి పోగుతో నేసినవే.

సాలెపురుగు నేర్చిన విద్య

మానవుడు శతాబ్దికాలము వాదించి నేర్చిన ఈ విద్యను సాలెపురుగు ఎన్నడో యెఱుగును. శ్రీకాళహస్తి క్షేత్రమహిమయందు పామును ఏనుగును సరసనుండగా సాలెపురుగునకు స్థానము దొరకినది. ముండకోపనిషత్తునందు సృష్టికి ఊర్ణనాభియే దృష్టాంతమైనది. 2001లో వోల్‌రాత్, నైట్ అను విద్వాంసులు సాలెపురుగు పోగుతీయు విధానమును వివరించిరి. దాని కడుపున పట్టు నీటితోకూడిన ద్రవముగ నుండును. సన్నని నాళమున సాగునప్పుడు అది ద్రవ స్ఫటిక దశయందుండి వరుసకట్టి, వెలుపలికి వచ్చు వేళకు నీరు వదలి గట్టి పోగగును. గంధకికామ్లము లేదు, 80 డిగ్రీల వేడిమి లేదు.

ఈనాడు గోడలపై వ్రేలాడు దూరదర్శినుల పలకలలోను, లెక్కల యంత్రములలోను, పెక్కు సంచార దూరవాణులలోను ద్రవ స్ఫటికములు పనిచేయుచున్నవి. కంటికి ప్రతిదినము తగులుచున్నను వాని పుట్టుక తెలిసినవారు తక్కువ. ప్రేగు నగరపు సీసాలోని మసకయు, క్వోలెక్ పాత్రలోని మసకయు ఒకే జాతివి. మొదటిదానికి రెండవదానికి నడుమ డెబ్బదియేడు సంవత్సరములు గడచినవి. ఈ మధ్యకాలమున లేమన్ చిత్తరువులు, ఫోర్‌లాండర్ ప్రశ్న, ఆన్‌సాగర్ న్యాయము, ఫ్లోరీ గణితము పుస్తకములలోని కెక్కి, వెదకి చదువువారికొఱకు గ్రంథాలయముల అరలలో నిలిచియుండెను. ఇన్నియు వ్రాతలో నున్నను మసక ద్రవమును పాఱబోయు వాడుక 1965 వఱకును పోలేదు. పుస్తకము అరలో నుండుట వేఱు, దానిని తీసి చదువుట వేఱు.

అనుమానింపవలదని ఈ చరిత్ర చెప్పుట లేదు. టామన్ అనుమానించుటచేతనే షెంక్ కొలిచెను. స్మలెన్ సందేహించుటకు పూర్వమే క్వోలెక్ వడగట్టి చూచెను. అనుమానము పరీక్షకు దారితీసినచో మేలు. పరీక్షకు బదులుగ నిలిచినచో కీడు. పాఱబోయుట క్షణము పని. పాఱబోసిన పిమ్మట అందేమున్నదో తెలిసికొను నుపాయము లేదు. రైనిట్జర్ మరల వేడి చేసి చూచెను, క్వోలెక్ మరల పరీక్ష చేయించెను. ఆ రెండవమారు చేసిన శ్రమవలననే కల్మషమని పేరుపడినది క్రమమని తేలి, లోకమునకు ఒక కవచము దొరకినది.